పాత ఫైబర్‌గ్లాస్ పడవలో చీకిపోయిన నేల: పైపలక మారిస్తే చాలా, లోపలి దూలాలు కూడా తీయాలా?

ప్రశ్న

మిత్రులందరికీ నమస్కారం. కొద్ది వారాల క్రితం నేను 17 అడుగుల పొడవున్న ఒక పాత ఫైబర్‌గ్లాస్ పడవను కొన్నాను. వెనుక అవుట్‌బోర్డ్ ఇంజను, మధ్యలో రెండు తిరిగే కుర్చీలు, నేలంతటా జిగురుతో అతికించిన కార్పెట్ ఉన్నాయి. కొనేటప్పుడు ఇంజను నడిపించి చూశాను, బయటి పెంకు మీద పగుళ్ళున్నాయేమోనని వంగి వంగి వెతికాను, కానీ నేల మీద నాలుగడుగులు వేసి చూడాలన్న ఆలోచన మాత్రం రాలేదు. తరువాత కడుగుతున్నప్పుడు వెనుక కుర్చీ దగ్గర మడమ మోపితే నేల పరుపులా కిందికి దిగి, కాలు తీయగానే మెల్లగా పైకి లేచింది.

కార్పెట్ మూల పట్టి లాగితే జిగురుతో పాటు చెక్క పొర కూడా ఊడి వచ్చింది. కుర్చీ పీటను బిగించిన నాలుగు స్క్రూలలో మూడు గిర్రున తిరుగుతున్నాయే తప్ప బిగియడం లేదు. ఒక రంధ్రంలో స్క్రూడ్రైవర్ దించితే ఏ అడ్డూ లేకుండా పిడి దాకా పోయింది. బయటికి తీస్తే దాని మొనకు తడిసిన రంపపు పొట్టు లాంటి నల్లటి ముద్ద అంటుకుని ఉంది, వానలో నానిన కట్టెల మోపు కింద వచ్చే వాసన వచ్చింది. కాలికి మెత్తగా తగిలే భాగం సుమారు రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉంటుంది.

అడిగిన ప్రతివారూ ఒక్కో మాట చెబుతున్నారు. పాత నేల మీదనే మరొక ప్లైవుడ్ పలక పరచి స్క్రూలు బిగించమని ఒకరు, చిన్న చిన్న రంధ్రాలు చేసి పల్చటి రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు ద్రవం) పోస్తే చెక్క రాయిలా గట్టిపడుతుందని మరొకరు, నేల మొత్తం కోసి పారేయక తప్పదని ఇంకొకరు అంటున్నారు. నాకు వడ్రంగం పని కొంత వచ్చు, ఫైబర్‌గ్లాస్ పని మాత్రం ఎన్నడూ చేయలేదు. చెడిపోయింది నేల ఒక్కటేనా, దాని కింది దూలాలు కూడానా అన్నది కోయకముందే తెలుసుకునే మార్గం ఉందా? పాలియెస్టర్ రెజిన్ వాడాలా, ఎపాక్సీ వాడాలా? ఒక్కడినే చేసుకోగలిగే పనేనా ఇది? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

మీరు రెండడుగులని రాశారు గానీ, అది కాలికి తెలిసిన భాగం మాత్రమే. చెక్క కాలికి మెత్తగా తగిలే నాటికి దాని బలం చాలావరకు పోయి ఉంటుంది, చుట్టూ మరికొంత మేర పైకి గట్టిగా కనిపిస్తూనే లోపల చీకడం మొదలై ఉంటుంది. కాబట్టి ఏ పలక కొనాలి, ఏ రెజిన్ వాడాలి అనే ప్రశ్నలను కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ పడవ లోపల ఏముందో తెలుసుకోండి.

ఈ తరహా పడవల్లో నేల ఒక మూత లాంటిది. బయట హల్ అనే ఫైబర్ పెంకు ఉంటుంది. ఆ పెంకు లోపలి వైపున పడవ పొడవునా రెండో మూడో స్ట్రింగర్లు, అంటే దూలాలు ఉంటాయి. పాత పడవల్లో ఇవి ఎక్కువగా చెక్కతో చేసి, పైన ఫైబర్ పొర కప్పినవి. వాటి మధ్య ఖాళీలలో పడవ మునిగిపోకుండా తేల్చే పాలీయురేథేన్ ఫోమ్ నింపుతారు. వీటన్నిటి మీద ప్లైవుడ్ పరచి, పైవైపు పల్చటి ఫైబర్ పొర వేస్తారు. చాలా పడవల్లో ఆ ప్లైవుడ్ కిందివైపును, కోసిన అంచులను ఏ పూతా లేకుండా పచ్చి చెక్కగానే వదిలేస్తారు. కుర్చీ స్క్రూల రంధ్రాల గుండా, కార్పెట్ నానినప్పుడు అంచుల గుండా నీరు దిగుతుంది. దిగిన నీటికి బయటికి పోయే దారి ఉండదు, ఆరిపోవడానికి గాలీ ఉండదు.

చెక్కను తినేది నీరు కాదు, ఆ తడిలో పెరిగే శిలీంధ్రం. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం అది ఎదగలేదు, తేమ 30 శాతం దగ్గరికి చేరి అక్కడే నిలిచిపోతే హాయిగా విస్తరిస్తుంది. పూర్తిగా నీట మునిగిన చెక్కకు గాలి అందదు కనుక అది అంత తొందరగా చెడదు. మీ పడవలోలాగా మూత కింద చెమ్మగా, వెచ్చగా, కొద్దిపాటి గాలితో ఉన్న చెక్కే అన్నిటికంటే వేగంగా పోతుంది. ఉప్పునీటి కంటే వాననీరే ఇలాంటి పడవలకు ఎక్కువ కీడు చేస్తుందనేది చాలామందికి వింతగా తోస్తుంది గానీ నిజం, ఎందుకంటే ఉప్పు ఆ శిలీంధ్రం పెరుగుదలను కొంత అడ్డుకుంటుంది. కప్పు లేకుండా ఆరుబయట వానకు వదిలేసిన పడవ, నీటిలో రోజూ తిరిగే పడవ కంటే ముందే చెడిపోవడానికి ఇదే కారణం.

ఇక పరీక్షల విషయం. కార్పెట్ మొత్తం తీసేసి, స్క్రూడ్రైవర్ పిడితో గాని, చిన్న ప్లాస్టిక్ సుత్తితో గాని నేలంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోండి. మంచి చెక్క ఖంగుమంటుంది, చీకిన చోట అట్టపెట్టె మీద తట్టినట్లు బొద్దుగా పలుకుతుంది. తేడా వినిపించిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీయండి. గీతలన్నీ కలిపి చూస్తే నీరు ఎటునుంచి ఎటు నడిచిందో చాలావరకు అర్థమవుతుంది.

తరువాత మెత్తబడిన భాగంలోనే రెండు చేతులు పట్టేంత కిటికీ ఒకటి కోయండి. అందులోంచి చేయి దూర్చి, స్ట్రింగర్ పక్కవైపున, హల్‌కు రెండు వేళ్ళ ఎత్తులో, 5 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో అడ్డంగా రంధ్రం చేయండి. బిట్టు 20 మిల్లీమీటర్ల కంటే లోపలికి పోకుండా దానికి ఆ కొలత దగ్గర టేపు చుట్టుకోండి. రాలే పొట్టును అరచేతిలో పట్టి చూడండి. లేత రంగులో, పొడిగా, చుట్టలు చుట్టుకుంటూ వస్తే ఆ చోట చెక్క బాగున్నట్లే. నల్లగా, ముద్దగా వస్తే, లేదా బిట్టు ఏ ప్రతిఘటనా లేకుండా దిగిపోయి వెనుకనే నీటిచుక్క కారితే, అక్కడ స్ట్రింగర్ అయిపోయింది. స్ట్రింగర్ పైభాగంలో మాత్రమే పరీక్షించి బాగుందని తృప్తిపడకండి. నీరు కింద నిలుస్తుంది, చెడు కింది నుంచే మొదలవుతుంది. చేసిన రంధ్రాలను ఆ తరువాత ఎపాక్సీతో మూసేయవచ్చు.

ఇదే ఊపులో ట్రాన్సమ్‌ను, అంటే ఇంజను వేలాడే వెనుక గోడను కూడా చూడండి. ఇంజనును కొద్దిగా పైకి వంచి, దాని కింది భాగాన్ని పట్టుకుని శరీరం బరువుతో పైకీ కిందికీ ఊపుతూ ఉంటే, మరొకరు గోడ కదులుతుందేమో గమనించాలి. గోడ వంగుతున్నట్లు కంటికి కనిపిస్తే నేల సంగతి రెండోది, ముందు ఆ గోడ బాగుపడాలి. నీరు వదిలే బిరడా రంధ్రం చుట్టూ చెక్క అంచు తెరిచి ఉందేమో కూడా చూడండి. ఆ రంధ్రంలో ఇత్తడి గొట్టం ఒకటి తొడిగి ఉంటుంది. గొట్టానికీ చెక్కకూ మధ్య మూసిన పదార్థం ఎండి రాలిపోతే నీరు నేరుగా ట్రాన్సమ్ లోపలి చెక్కలోకి చేరుతుంది.

మీకు వచ్చిన మూడు సలహాలలో మొదటిది మానేయండి. చీకిన చెక్క మీద మంచి చెక్క వేసి బిగిస్తే ఆ స్క్రూలు పట్టుకునేది చీకిన చెక్కనే, కింది తేమకు ఉన్న కొద్దిపాటి ఆవిరి దారి కూడా మూసుకుపోతుంది, పైగా పడవ బరువు పెరుగుతుంది. నేను కొన్న మొదటి పడవకు అంతకుముందు యజమాని ఇలాగే చేసి ఉన్నాడు. రెండు పొరల మధ్య అరచేయంత పుట్టగొడుగులు మొలిచి ఉండగా చూశాను.

కోయడం మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. నేల కూడా హల్ ఆకారాన్ని నిలిపి ఉంచే భాగమే. పడవను ట్రెయిలర్ మీద రెండు రోలర్లపై మాత్రమే ఆనించి ఉంచి, నేలను, దూలాలను ఒకేసారి తీసేశాను. అడుగు వెనుక భాగంలో వేలెడు మందం లోపలికి వంగింది. నాకది కనబడలేదు. కొత్త నేల వేసి, ఆ వంపును అలాగే శాశ్వతంగా బిగించేశాను. తరువాత వేగం అందుకున్న ప్రతిసారీ ముక్కు నీటికి అంటుకుపోయి, పడవ పైకి లేవక ఇంజను మూలిగేది. కాబట్టి ముందే పడవను రసమట్టంతో చూసి సమంగా నిలిపి, అడుగున వీలైనన్ని చోట్ల కార్పెట్ చుట్టిన దిమ్మెలు ఆనించండి. ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా రెండు మూడు కర్రలు బిగించండి. పడవ రెండు మూలల మధ్య ఐమూలగా దారం లాగి ఆ కొలతలు గోడ మీద రాసుకోండి, పని జరుగుతున్నంతకాలం మళ్ళీ మళ్ళీ కొలిచి చూసుకోండి. దూలాలను కూడా ఒక్కొక్కటిగానే తీసి ఒక్కొక్కటిగానే వేయాలి.

బ్యాటరీ తీగలు విప్పండి. ఇంధన ట్యాంకు నేల కింద ఉంటే నేల కోయకముందే దాన్ని ఖాళీ చేసి ఆవిరి పోయేదాకా గాలి ఆడనివ్వండి, ట్యాంకు పైభాగంలో విద్యుత్ రంపం అసలు వాడకండి. వృత్తాకార రంపం పళ్ళను నేల మందానికి, అంటే సాధారణంగా 12 మిల్లీమీటర్లకు ఒక్క వెంట్రుక ఎక్కువగా మాత్రమే అమర్చండి. హల్ పక్కల దగ్గర రెండు అంగుళాల అంచు వదిలి కోయండి, ఆ మిగిలిన అంచును తరువాత ఉలితో, గ్రైండర్‌తో నెమ్మదిగా తీయవచ్చు. పాత పలక ముక్కలను పారేయకండి. ఎంత చీకినా, కొత్త పలకకు అచ్చుగా అవే పనికి వస్తాయి.

సమాధానం 2

పై మిత్రులు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను గానీ, ప్రతి పడవకూ నేల మొత్తం తీయాలన్నట్లు ధ్వనిస్తోంది, అక్కడ మాత్రం నా అభిప్రాయం వేరు. డ్రిల్లు పరీక్షలో దూలాలు పొడిగా, ఫోమ్ పొడిగా ఉండి, చెడు కుర్చీ చుట్టూ మాత్రమే ఆగి ఉంటే, ఆ మేరకు కోసి కొత్త ముక్క వేసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే మెత్తబడిన చోటి దగ్గరే ఆగకూడదు. దాని హద్దు దాటి కనీసం ఒక జానెడు మంచి చెక్కలోకి వెళ్ళి కోయాలి, కొత్త ముక్క అంచులు ఏదో ఒక దూలం మీద పడేలా చూసుకోవాలి. గాలిలో వేలాడే అతుకు అడుగు పడిన ప్రతిసారీ నలిగి మళ్ళీ పగులుతుంది. దూలం అందని వైపున కింద నాలుగు అంగుళాల వెడల్పు పట్టీని ఎపాక్సీతో అతికించి, దాని మీద అంచును ఆనించవచ్చు.

రంధ్రాలు చేసి రెజిన్ పోసే పద్ధతిని నేను స్వయంగా ప్రయత్నించాను కనుక చెబుతున్నాను. చెక్క రంధ్రాల నిండా నీరు ఉన్నప్పుడు రెజిన్‌కు లోపల చోటు లేదు, అది దారి దొరికిన చోటికి, అంటే ఫోమ్ పగుళ్ళలోకి జారిపోతుంది. పోసిన చోట మాత్రం గట్టి ముద్దలు, వాటి మధ్య మునుపటి చీకుడు. ముద్దకూ ముద్దకూ మధ్య కాలు పడితే నేల కరకరమనేది. పూర్తిగా ఎండిన చెక్కలో, అరచేయంత చోట, బరువు మోయని భాగానికి అది చెల్లుతుందేమో గానీ, మనిషి నిలబడే నేలకు చెల్లదు.

సమాధానం 3

రెజిన్ గురించిన ప్రశ్నకు జవాబు ఎవరూ ఇవ్వలేదు కనుక అది నేను రాస్తాను. ఫైబర్ పని నాకు రోజువారీ పని.

ఒక పొర ఇంకా పూర్తిగా గట్టిపడకముందే దాని మీద మరొక పొర వేస్తే రెండూ రసాయనికంగా కలిసి ఒకే ముద్ద అవుతాయి. మీ పడవ పెంకు ఎన్నో ఏళ్ళ క్రితమే గట్టిపడిపోయింది. దాని మీద మీరు వేసే కొత్త పొర ఏదైనా గరుకును పట్టుకుని వేలాడవలసిందే. కాబట్టి ఏ రెజిన్ వాడతారన్న దానికంటే, అతికే చోటును 36 లేదా 40 నంబరు గరుకుతో ఎంత బాగా రుద్దారన్నదే మీ పని ఎన్నాళ్ళుంటుందో తేలుస్తుంది. పాత పూత, మురికి, మెరుపు పూర్తిగా పోయి ఫైబర్ తెల్లగా, మసకగా కనబడేదాకా రుద్దాలి. తరువాత దుమ్ము పీల్చేసి, శుభ్రమైన గుడ్డతో అసిటోన్ తుడవాలి. రుద్దకముందే ఒకసారి తుడవడం కూడా మంచిది, లేకపోతే పైనున్న మైనం, నూనె గరుకు గీతల్లోకే ఇంకుతాయి.

ఈ పట్టు విషయంలో ఎపాక్సీ పాలియెస్టర్ కంటే స్పష్టంగా మెరుగు, చెక్కను పట్టుకోవడంలో ఆ తేడా ఇంకా ఎక్కువ. ఖర్చు మాత్రం పాలియెస్టర్‌కు తక్కువ, త్వరగా గట్టిపడుతుంది, అసలు పడవను చేసింది కూడా చాలావరకు దానితోనే. శ్రద్ధగా రుద్ది, తగినన్ని పొరలు వేస్తే పాలియెస్టర్‌తో చేసిన మరమ్మతు కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. తొలిసారి చేసేవారు, అదీ చెక్క దూలాలకు చేసేవారు అడిగితే నేను ఎపాక్సీ అనే చెబుతాను. కానీ ఏది ఎంచుకున్నా చివరిదాకా దానితోనే ఉండాలి. పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ గాని, దాని జాతికే చెందిన జెల్‌కోట్ అనే మెరిసే పైపూత గాని నమ్మకంగా పట్టుకోదు. ఎపాక్సీతో పని చేస్తే పైన జెల్‌కోట్ ఆశ వదులుకుని రెండు ద్రవాలు కలిపి వేసే రకం పెయింటు వేసుకోండి.

గుడ్డ ఎంపికలో కొత్తవారు చేసే పొరపాటు ఒకటి ఉంది. ముక్కలు ముక్కలుగా కత్తిరించిన నారను గుట్టగా పరచిన మామూలు మ్యాట్‌లో ఆ నారను కలిపి ఉంచే బంధకం పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది, అందుకే అది మూలల్లోకి మెత్తగా వంగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ లేదు, బంధకం కరగదు, మ్యాట్ అట్టలా బిరుసుగా నిలబడిపోతుంది. ఎపాక్సీకి దారంతో కుట్టిన బయాక్సియల్ (రెండు దిశల్లో నార ఉండే) గుడ్డ తీసుకోండి. పాలియెస్టర్‌తో మ్యాట్ వేస్తే దాని బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్ల రెజిన్ తాగుతుంది, అల్లిన గుడ్డకు దాదాపు సమాన బరువు చాలు. ఎంత తక్కువ రెజిన్‌తో గుడ్డ పూర్తిగా తడిసి పారదర్శకంగా మారితే పొర అంత బలంగా ఉంటుంది. పైన తేలే రెజిన్ వల్ల బరువు, పెళుసుతనం తప్ప మరేమీ రావు.

పాలియెస్టర్‌ను గట్టిపరచడానికి కలిపే ఎంఈకేపీ అనే కాటలిస్టు, రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం ఉండాలి. చలిగా ఉంటే 2 వైపు, వేడిగా ఉంటే 1 వైపు. 1 శాతం కంటే తగ్గిస్తే అది ఎప్పటికీ పూర్తిగా గట్టిపడకపోవచ్చు. ఎపాక్సీలో ఈ ఆట కుదరదు. తయారీదారు చెప్పిన నిష్పత్తి ఎంతో అంతే కలపాలి, త్వరగా ఆరాలని హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే రెండో ద్రవం) ఎక్కువ పోస్తే మిగిలిపోయిన హార్డెనర్ జిగటగా అలాగే ఉండిపోతుంది. వేగం కావాలంటే వేగంగా ఆరే రకం హార్డెనర్ వేరే కొనుక్కోవాలి. కలిపిన ఎపాక్సీని లోతైన డబ్బాలో ఉంచితే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది, వెంటనే వెడల్పాటి పళ్ళెంలోకి ఒంపండి. కొన్ని ఎపాక్సీలు ఆరిన తరువాత పైన సబ్బు లాంటి జిడ్డు పొర తేలుతుంది. దాన్ని నీటితో, గరుకు పీచుతో కడిగిన తరువాతే ఉప్పుకాగితం పట్టాలి.

జాగ్రత్తల విషయంలో నేను మొహమాటపడను. ఎంఈకేపీ ఒక్క చుక్క కంటిలో పడితే చూపు పోవచ్చు, రక్షణ కళ్ళద్దాలు లేకుండా దాని సీసా మూత తీయకండి. పాలియెస్టర్ రెజిన్‌కు విడిగా కోబాల్ట్ (గట్టిపడే వేగాన్ని పెంచే ద్రవం) కలపవలసి వస్తే దాన్ని ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపిన తరువాతే కాటలిస్టు పోయాలి. ఆ రెండూ నేరుగా తగిలితే పేలుతాయి. రుద్దేటప్పుడు గాజు దుమ్ముకూ, రెజిన్ పనికి స్టైరీన్ ఆవిరికీ తగిన గుళికలున్న రబ్బరు మాస్కు పెట్టుకోండి, ముక్కుకు కట్టుకునే గుడ్డ వీటికి పనికిరాదు. ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే ఒకనాడు హఠాత్తుగా పడకుండా పోతుంది, ఆ తరువాత దాని దగ్గరికి వెళ్ళినా దద్దుర్లే. మా పనివారిలో ఒకరు ఆ కారణంగానే ఈ పనికి దూరమయ్యారు.

అడిగినవారి వివరణ

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్లే కార్పెట్ మొత్తం తీసి, తట్టి, సుద్దతో గీసుకుని, కిటికీ కోసి, డ్రిల్లు పరీక్ష చేశాను. నేను భయపడినంతా కాదు, ఆశపడినంతా కాదు.

ఎడమ స్ట్రింగర్‌లో ఎనిమిది చోట్ల రంధ్రాలు చేశాను. ముందు ఆరింటిలోనూ గోధుమరంగు పొడి చెక్క వచ్చింది, ట్రాన్సమ్‌కు దగ్గరగా ఉన్న రెండింటిలో మాత్రం నల్లటి ముద్ద వచ్చింది, చివరి దాని వెంట సన్నటి నీటిధార రెండు మూడు నిమిషాలు కారింది. మధ్యలో మరొక రంధ్రం చేసి చూస్తే చెడు వెనుక నుంచి సుమారు నాలుగడుగుల దాకా ఉన్నట్లు తేలింది. కుడి స్ట్రింగర్ పూర్తిగా బాగుంది. ఇంజను ఊపి చూస్తే ట్రాన్సమ్ కదలలేదు, కానీ బిరడా గొట్టం విప్పితే దాని చుట్టూ ఒక అంగుళం మేర చెక్క నల్లబడి ఉంది, స్క్రూడ్రైవర్‌తో గీకితే ఆ అంగుళం తరువాత గట్టి చెక్క తగిలింది.

నన్ను కంగారుపెట్టింది ఫోమ్. వెనుక భాగంలో 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 20 లోతు ఉన్న దిమ్మె ఒకటి రంపపు బ్లేడుతో కోసి బయటికి తీశాను. ఒక చేత్తో ఎత్తుదామని పట్టుకుంటే జారిపోయింది. తూచితే 9 కిలోలు ఉంది. చేత్తో నొక్కితే స్పాంజిలా నీరు వస్తోంది. ముందు భాగపు ఫోమ్ మాత్రం పొడిగానే ఉంది.

ఇప్పుడు నా సందేహాలు మూడు. ఎడమ స్ట్రింగర్ వెనుక నాలుగడుగులు మాత్రమే మార్చి పాతదానికి అతికించవచ్చా? ఆ ఫోమ్ ఎండలో పెట్టి ఆరబెడితే మళ్ళీ పనికివస్తుందా, లేక అసలు ఫోమ్ లేకుండానే నేల మూసేయవచ్చా? కొత్త నేలకు ఎలాంటి ప్లైవుడ్ తీసుకోవాలి?

సమాధానం 1 రాసినవారి మలి సమాధానం

మీ దిమ్మె ఘనపరిమాణం 18 లీటర్లు. ఈ పనికి మామూలుగా వాడే ఫోమ్ ఘనమీటరుకు సుమారు 32 కిలోలు ఉంటుంది, ఆ లెక్కన అది పొడిగా ఉంటే 600 గ్రాములు కూడా తూగదు. మిగిలిన ఎనిమిది కిలోల పైచిలుకు నీరే. అది ఎండదు. గదులు మూసుకుని ఉండే ఫోమ్‌లోకి నీరు ఏళ్ళ తరబడి ఒత్తిడితో, ఆ గదులు పగలడంతో చేరింది. ఎండలో పెట్టినా పైన అంగుళం ఆరుతుంది తప్ప లోపలిది రాదు. తడిసినంతా తీసి పారేయండి. పొడిగా ఉన్న ముందు భాగాన్ని కదపకండి, అయితే తడికీ పొడికీ హద్దు ఎక్కడో మరో రెండు చోట్ల గుచ్చి నిర్ధారించుకోండి.

ఫోమ్ లేకుండా మూసేయడాన్ని నేను ఒప్పుకోను. నీటితో నిండిన ఫైబర్‌గ్లాస్ పడవ ఇంజనుతో సహా నేరుగా అడుగుకు పోతుంది. 100 లీటర్ల పొడి ఫోమ్ దాదాపు 97 కిలోల బరువును తేల్చగలదు. కొన్ని పడవల్లో అది హల్ పలకకూ నేలకూ మధ్య ఇరుక్కుని పెంకుకు బిరుసుతనం కూడా ఇస్తుంది. తీసినంత పరిమాణం తిరిగి పెట్టండి. రెండు ద్రవాలు కలిపి పోసే రకం అయితే కొద్దికొద్దిగా పోయండి, ఒక్కసారిగా పోస్తే ఉబ్బే ఒత్తిడికి కొత్త నేల పైకి లేస్తుంది. తెల్లటి థర్మోకోల్ దిమ్మెలు పెట్టాలనుకుంటే పాలియెస్టర్ రెజిన్ వాటిని తాకకుండా చూసుకోండి, స్టైరీన్ తగిలిన చోట అవి మంచులా కరిగిపోతాయి. ఎపాక్సీతో ఆ ఇబ్బంది లేదు, ఇంధనం మాత్రం వాటిని కరిగిస్తుంది.

స్ట్రింగర్ వెనుక భాగం మాత్రమే మార్చడం సాధ్యమే. చెడు ముగిసిన చోటి నుంచి ఇంకో అడుగు ముందుకు వెళ్ళి కోయండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీలు రెండింటిని ఎపాక్సీతో అతికించి కొత్త దూలం చేసుకోవచ్చు, ముందుగా పాత దూలం మందం కొలిచి దానికి సరిపోతుందో లేదో చూసుకోండి. అతుకు దగ్గర రెండు పట్టీల చివరలు ఒకే చోట పడకూడదు, కనీసం ఒక మూరెడు ఎడంగా మెట్టులా ఉండాలి. పాత దూలం చివరను కూడా అదే మెట్టుగా కోస్తే ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. కొత్త దూలం కింది అంచును అట్ట అచ్చుతో హల్ వంపుకు సరిపోయేలా కోయండి, అయితే దాన్ని పెంకుకు గట్టిగా తాకించి కూర్చోబెట్టకండి. పెంకుకూ దూలానికీ మధ్య ఐదారు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి, అందులో చిక్కని ఎపాక్సీ లప్పం నింపండి. చెక్క అంచు నేరుగా ఒకే గీత మీద ఆనితే అలల దెబ్బకు పెంకు ఆ గీత వెంట పగులుతుంది, బయటి నుంచి చూస్తే అది కత్తితో గీసినట్లే ఉంటుంది.

దూలానికి రెండు పక్కలా మూలల్లో అదే లప్పాన్ని బొటనవేలు మందపు వంపుగా నునుపు చేయండి. గుడ్డ 90 డిగ్రీల మూలలో కూర్చోదు, దాని వెనుక గాలి మిగిలిపోతుంది. లప్పం ఇంకా పచ్చిగా ఉండగానే గుడ్డ వేస్తే రెండూ ఒకటైపోతాయి, రుద్దే శ్రమా తప్పుతుంది. మొదటి పొర హల్ మీదికి రెండు అంగుళాలు, రెండోది నాలుగు, మూడోది ఆరు అంగుళాలు పరచుకునేలా కత్తిరించి పెట్టుకోండి. అంచులన్నీ ఒకే చోట ముగిస్తే ఆ చోట మళ్ళీ బలహీనత వస్తుంది. దూలంలో నీరు దాటడానికి ఉన్న కంతను మర్చిపోకండి. కొత్త దూలంలో ఆ కంత కోసి, లోపలి పచ్చి చెక్కకు మూడుసార్లు ఎపాక్సీ పట్టించి, వీలైతే చిన్న పీవీసీ గొట్టం తొడగండి. సగం పడవల్లో చెడు మొదలైనది ఆ కంతల దగ్గరే.

ప్లైవుడ్ విషయానికి వస్తే, మరుగుతున్న నీటిని తట్టుకునే జిగురుతో, లోపలి పొరల్లో ఖాళీలు లేకుండా చేసిన మెరైన్ రకం కావాలి, బీఎస్ 1088 అనే బ్రిటిష్ ప్రమాణం ముద్ర అలాంటి దానికి ఉంటుంది. మెరైన్ ప్లైవుడ్ కుళ్ళదనే భ్రమ వద్దు, జిగురు విడిపోదు అంతే. కుళ్ళకుండా రాగి లవణాలు పట్టించిన చెక్క తడిగా వస్తుంది, బాగా ఆరితే తప్ప దాని మీద రెజిన్ సరిగా పట్టదు, పైగా అల్యూమినియం ట్యాంకు తగిలితే దాన్ని తింటుంది. పలకను పొడిగా కూర్చోబెట్టి, చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల ఎడం ఉండేలా సరిచేసుకుని, బయటికి తీసి, కిందివైపుకూ అన్ని అంచులకూ పల్చటి ఎపాక్సీ రెండు మూడు పూతలు ఇవ్వండి. అంచులకు మాత్రం ఒక పూత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. పొరల చివరలు నీటిని పీల్చినంతగా పలక ముఖం పీల్చదు. దూలాల పైభాగాన చిక్కని లప్పం వరుసగా వేసి పలకను దించి, గట్టిపడేదాకా ఇసుక సంచులతో బరువు పెట్టండి. చుట్టూ ఎడాన్ని లప్పంతో నింపి, హల్ పక్కల మీదికి నాలుగు అంగుళాలు ఎక్కేలా గుడ్డ వేసి, తరువాత నేలంతా ఒక పొర కప్పండి.

బిరడా దగ్గరి అంగుళం చెడును ఇప్పుడే పట్టించుకోవడం మీ అదృష్టం. నల్లబడినదంతా గీకి, హెయిర్ డ్రయ్యర్‌తో రెండు మూడు రోజులు విడతలుగా ఆరబెట్టి, చిక్కని ఎపాక్సీతో ఆ గుంట మొత్తం నింపండి. గట్టిపడిన తరువాత మధ్యలో గొట్టానికి కొత్త రంధ్రం చేస్తే గొట్టం చుట్టూ ఉండేది ఎపాక్సీయే, చెక్క కాదు. కుర్చీ పీట స్క్రూలకు కూడా ఇదే పద్ధతి. స్క్రూ కంటే రెట్టింపు వెడల్పు రంధ్రం చేసి, కింద టేపు అంటించి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యలో స్క్రూకు సరిపోయే సన్నటి రంధ్రం చేయండి.

ఒక్కరే చేయగలరా అని మొదట అడిగారు. చేయగలరు. తడి గుడ్డ పరిచే రోజున మాత్రం రెజిన్ కలిపి అందించడానికి మరొకరిని పక్కన ఉంచుకోండి, చేతి తొడుగులు జిగటగా ఉన్నప్పుడు కొలతగిన్నె పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. నేల మూసేసే ముందు పడవ ముక్కును కొద్దిగా ఎత్తి, ముందు భాగంలో ఒక బకెట్ నీరు పోసి, అది ఎక్కడా ఆగకుండా బిరడా దాకా వస్తుందో లేదో చూడండి. కొలటేపు పక్కన పెట్టి దూలాలన్నిటికీ ఫొటోలు తీసి ఉంచుకోండి. రేపు కుర్చీ స్థానం మార్చాలనుకున్నప్పుడు కింద ఏది ఎక్కడుందో వాటిని చూసే తెలుసుకోవాలి.